పాత చీరల బొంత, చోడి బిస్కట్లు, ఛెనాపోడ: బరంపురంలో ఎనిమిది వారాల పని

ఏప్రిల్ 24

చెల్లి కూతురికి మొన్న ఇరవై ఒకటో రోజున బారసాల జరిగింది. రజ పండుగ వెళ్ళిన తరువాత, జూన్ 18న, తల్లీపిల్లలను పలాసలో అత్తవారింట దిగబెట్టాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. ఆ వేళకు పాపకు కింద పరిచే బొంత ఒకటి, దాని సామాను పెట్టుకోవడానికి రెండు బొందు సంచులు, వియ్యాలవారికీ ఇక్కడి ఇరుగుపొరుగుకూ పంచడానికి ఇంట్లో కాల్చిన తినుబండారాలు సిద్ధం చేయాలని ఈ రోజు పని మొదలుపెట్టాను. రజ మూడు రోజులూ భూమాతకు విశ్రాంతి అని ఒడియావారి నమ్మకం. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారే తప్ప నూరడం, దంచడం, తరగడం వంటి పనులు ముట్టుకోరు. మేము తెలుగువాళ్ళమే అయినా తరతరాలుగా బరంపురంలో ఉంటున్నవాళ్ళం కనుక మా ఇంట్లోనూ జూన్ 14 నుంచి 16 దాకా కత్తెర బయటికి రాదు. కాబట్టి నాకున్న అసలు గడువు జూన్ 13.

పని మొదలుపెట్టే ముందే ఒక మాట నిశ్చయించుకున్నాను. ఈ బొంత చూపించి మళ్ళీ బీరువాలో మడతపెట్టుకునే వస్తువు కాకూడదు. పాప దానిని తడుపుతుంది, పాలు కక్కుతుంది, వారానికి మూడు నాలుగు సార్లు అది బకెట్టులోకి వెళ్తుంది, ఎండలో ఆరుతుంది. ఆ ఉతుకును ఏడాదిపాటు తట్టుకోగలిగినదే బొంత. గుడ్డ ఎంపిక దగ్గర నుంచి కుట్టు మధ్య దూరం దాకా ప్రతి నిర్ణయాన్నీ దీనితోనే తేల్చుకోవాలని అనుకున్నాను.

సాయంత్రం అమ్మా నేనూ ట్రంకుపెట్టె తెరిచాము. నేత చీరలు ఆరు, నాన్నగారి పాత పంచెలు మూడు, అన్నింటికీ అడుగున పాత చీర గుడ్డలో చుట్టిన అమ్మమ్మ పెళ్ళి పట్టుచీర ఒకటి బయటపడ్డాయి.

ఏప్రిల్ 27

పాత చీరలో ఏ భాగం పనికి వస్తుందో చూడడానికే ఒక పూట పట్టింది. ఈ పనిని తొందరగా ముగించేవాళ్ళు తరువాత విచారిస్తారని నా అనుభవం, అందుకే కొంచెం వివరంగా రాసిపెడుతున్నాను. చీర అంతటా ఒకేలాగ అరగదు. కూర్చునే చోట పడే భాగం, మోకాళ్ళ దగ్గర పడే కుచ్చిళ్ళు, కాళ్ళకు తగిలే కింది అంచు ముందుగా పలచబడతాయి. నడుము దగ్గర లోపలికి దోపుకునే మొదటి చుట్టు, పమిట చెంగుకు కొంచెం ఇవతల ఉన్న భాగం చాలాకాలం గట్టిగా ఉంటాయి. కిటికీకి ఎదురుగా చీరను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే అరిగిన చోట వెలుతురు జల్లెడలోంచి పడినట్టు పడుతుంది. వెలుతురు సమంగా ఉన్న చోట కూడా ఊరుకోకుండా, రెండు బొటనవేళ్ళ మధ్య జానెడు గుడ్డను పట్టి ముందు పడుగు (నిలువు పోగుల) వైపు, తరువాత పేక (అడ్డపోగుల) వైపు లాగి చూశాను. పోగులు పక్కకు జరిగి సందు ఇస్తే ఆ ముక్కను పక్కన పెట్టేశాను. లాగినా జరగని ముక్కకు సుద్దతో గీత గీశాను.

ఆరు చీరలలో ఒకటి పూర్తిగా పోయింది. అది అమ్మ రోజూ బడికి కట్టుకున్న ఆకుపచ్చ గళ్ళ చీర. మిగిలిన ఐదింటిలో కలిపి సగానికి కొంచెం ఎక్కువ గుడ్డ నిలిచింది. "ఎన్ని ఉతుకులు తగిల్తే అంత మెత్తన అవుతాదమ్మా, పసిపిల్లకి కొత్తగుడ్డ గరుకు" అని అమ్మ అన్నది. ఆ మాట నిజమే. ఇంకొక లాభం కూడా ఉంది: ముడుచుకోవలసినదంతా పాత నూలు గుడ్డ ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులలో మీటరుకు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు కూడా ముడుచుకోవచ్చు. పాతదానినీ కొత్తదానినీ పక్కపక్కన కుడితే కొత్తది ముడుచుకున్నప్పుడల్లా పాతదాన్ని లాగుతుంది, చినిగేది పాతదే.

ఏప్రిల్ 30

కొలతలు తేల్చాను. కుట్టిన తరువాత ఒక్కొక్క గడి 5 అంగుళాల చదరం, అడ్డంగా 7 గళ్ళు, నిలువుగా 8 గళ్ళు, మొత్తం 56. అంటే బొంత 35 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు. నాలుగు పక్కలా కుట్టుకు పావు అంగుళం చొప్పున వదలాలి కనుక ముక్కను 5½ అంగుళాలకు కత్తిరించాలి. అట్టతో ఆ కొలత చదరం ఒకటి చేసుకుని, దాని అంచును ప్రతిసారీ పడుగు పోగుతో కలిపి గీసుకున్నాను. గుడ్డ మిగులుతుందని ఏటవాలుగా పెట్టి కత్తిరించిన ముక్క సాగుతుంది. అటువంటి ముక్కలు నాలుగు చేరినా వరస వంకర తిరుగుతుంది.

లోపల రెండు పొరలుగా పంచె గుడ్డ వేస్తాను, దూది పెట్టను. దూది పెట్టిన బొంత మెత్తగా పొంగుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది, వానాకాలంలో వాసన వేస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, నెలల పిల్లల కింద పొంగే పరుపూ, మొహం మీదికి జరిగే దుప్పటీ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెబుతారు. కనుక ఇది పగలు చాప మీద పరిచి, మనుషులు దగ్గర ఉండగా పాపను పడుకోబెట్టి ఆడించడానికీ, నూనె రాసి ఒళ్ళు పట్టడానికీ మాత్రమే. గుండీలు, పూసలు, చమ్కీలు ఏవీ కుట్టను. ఊడితే నేరుగా పాప నోట్లోకే వెళ్తాయి.

మే 4

నా చేతి పొరపాటు. యాభై ఆరు గళ్ళకు ఎరుపు చాలలేదని బజారులో అర మీటరు మెరూన్ నూలు గుడ్డ కొన్నాను. మిగతావాటినన్నిటినీ వేడినీళ్ళలో ఉతికి ఆరబెట్టాను గాని, చీకటి పడుతున్నదని ఈ ఒక్కదానినీ ఉతకకుండానే కత్తిరించి, నాలుగు వరసలు జోడించేశాను. సీములు, అంటే అతుకు దగ్గర లోపలికి మిగిలే అంచులు, ఒక పక్కకు వాలేలా ఇస్త్రీ చేయడానికి నీళ్ళు చిలకరించగానే మెరూన్ పక్కనున్న తెల్ల గడిలోకి గులాబీ రంగు గోటి మేర పాకింది.

తడి ఆరకముందే ఆ వరసలను గోరువెచ్చని సబ్బునీళ్ళలో ముంచి, నీళ్ళు రంగు తేలినప్పుడల్లా మార్చుతూ రాత్రి దాకా ఉంచాను. మరక చాలావరకు వదిలింది. ఆరిన తరువాత అయితే అంత సులువుగా వదిలేది కాదు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా వీధిలో అందరూ అంటారు, నేనూ పూర్వం అలాగే చేసేదాన్ని. అద్దేటప్పుడు గుడ్డకు సరిగా పట్టని రంగును ఉప్పు తరువాత పట్టించలేదు; పోవలసినది పోయేదాకా ఉతకడమే దారి. అయినా ఈ గుడ్డ మీద నాకు నమ్మకం కలగలేదు. ఐదు మెరూన్ గళ్ళనూ కుట్టు విప్పి తీసేశాను. వాటి స్థానంలో అమ్మ గోధుమరంగు చీర చెంగు వేస్తాను. ఇకమీదట ప్రతి గుడ్డనూ కత్తిరించే ముందు ఒక మూల తడిపి, తెల్లగుడ్డ మీద ఉంచి, ఇస్త్రీపెట్టెతో అదిమి చూస్తాను.

మే 9

ఈ వారం మధ్యాహ్నాలు ఎండకు బయటికి వెళ్ళే వీలు లేదు. తొక్కుడు మిషను మీద గళ్ళ జోడింపు పూర్తయింది. ఇది అమ్మ పెళ్ళినాటి నల్లటి ఉషా మిషను. చక్రం దగ్గరా షటిల్ దగ్గరా రెండు చుక్కల నూనె వేస్తే ఇప్పటికీ చప్పుడు చేయదు. 14 నంబరు సూది, 50 నంబరు నూలు దారం వాడాను. వరసలను కలిపేటప్పుడు ఒక వరస సీములను కుడివైపుకూ తరువాతి వరసవి ఎడమవైపుకూ వాల్చి ఇస్త్రీ చేస్తే, రెండు వరసలూ ఎదురెదురుగా పెట్టినప్పుడు మూలలు ఒకదానికొకటి తట్టుకుని సరిగ్గా కూర్చుంటాయి. వేళ్ళతో తడిమితేనే తెలుస్తుంది, కొలవనక్కర లేదు.

మే 12

పట్టుచీర గురించి అమ్మకూ నాకూ వాదన జరిగింది. అమ్మమ్మ పెళ్ళిచీర బరంపురం పట్టు, అంచున కోవెల శిఖరాల వరస వంటి ఫోడా కుంభ నేత. ఈ చీరకూ, మగవాళ్ళు కట్టుకునే జోడుకూ 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీనిని నేసే దేరా కులంవారు తెలుగు దేశం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు దేరా వీధికి పుట్టింటికి వచ్చినట్టే వస్తుంది. అందుచేత ఈ చీర మా ఇంట్లో ఒట్టి బట్ట కాదు. "అమ్మమ్మ చీర పోగు ఒక్కటైనా పాప ఒంటికి తగలాల కదమ్మా, నడిమిని ఒక్క గడి ఎయ్యి" అని అమ్మ పట్టుబట్టింది.

చీర విప్పి చూపించాను. అరవై ఏళ్ళు ఒకే మడతలలో ఉండడం వలన మడత పడిన ప్రతి చోటా పట్టు గీత గీసినట్టు చీలిపోయింది. జరీ ఉన్న చోట మరీ ఎక్కువ, ఎందుకంటే లోహపు తీగ పట్టు పోగును కోస్తుంది. వేడినీళ్ళూ సోడా సబ్బూ పట్టుకు పడవు, జరీ పాప చర్మానికి గుచ్చుకుంటుంది. బొంత మధ్యన వేస్తే నాలుగో ఉతుకుకే ఆ గడి పీచుపీచు అవుతుంది, అప్పుడు దాన్ని మనమే కత్తిరించి పారేయాలి. ఇలా చెప్పాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు, అంచు మీద చెయ్యి వేసి కూర్చుంది. చివరికి అంచు గట్టిగా ఉన్న మూడు మూరల మేరా తీసి రెండు బొందు సంచులకు వేద్దామని ఇద్దరమూ ఒప్పుకున్నాము. ఒకదానిలో పాప వెండి మొలతాడు, గాజులు ఉంటాయి, రెండవదానిలో టీకాల కార్డు, కాగితాలు. సంచిని ఎవరూ రోజూ ఉతకరు. మిగిలిన చీరను అమ్మ కొత్త మడతలు వేసి, మళ్ళీ నూలు గుడ్డలో చుట్టింది.

మే 15

ఈ రోజు ఓవెను పని. మా ఓవెను 28 లీటర్లది. ముందు దాని స్వభావం తెలుసుకోవాలని లోపల పెట్టే థర్మామీటరు ఒకటి కొన్నాను. మీట 180 దగ్గర పెట్టి ఇరవై నిమిషాలు ఆగి చూస్తే థర్మామీటరు 200 చూపించింది. ఇంతకాలం నా బిస్కట్లు అడుగున నల్లబడుతూ వచ్చినది పిండి కలపడంలో తప్పు వలన కాదని ఇప్పటికి తెలిసింది. మీట మీద 160 దగ్గర ఎర్ర గీత గీశాను, అదే నాకు 180. ఎడమ పక్క వెనుక మూల మరింత వేడి కనుక సగం సమయానికి పళ్ళాన్ని వెనుకది ముందుకు తిప్పుతాను.

చోడి బిస్కట్లు మొదటి విడత. చోడి అంటే రాగులు, ఒడియాలో మండియా అంటారు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషను ప్రారంభించిన తరువాత పట్నంలోనూ ఈ పిండి దొరకడం తేలికైంది. చోడి పిండిలో సాగే గుణం లేదు, అందుకని అది ఒక్కటే వేస్తే బిస్కట్టు చేతిలోనే పొడి అవుతుంది. మొదటి విడతలో అదే జరిగింది. రెండవ విడతలో చోడి పిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు వేశాను, ఆ పాళ్ళే నిలిచాయి.

పద్ధతి ఇది. చోడి పిండిని సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా వేయించి పూర్తిగా చల్లార్చాలి. వేడి మీద ఉండగా నెయ్యి కలిపితే నెయ్యి కరిగి, పళ్ళెంలో బిస్కట్టు పరుచుకుపోతుంది. పేరుకున్న నెయ్యి 100 గ్రాములు, మెత్తని బెల్లం పొడి 90 గ్రాములు తెల్లబడేలా గిలకొట్టి, రెండు పిండులూ, అర టీస్పూను బేకింగు పౌడరూ, యాలకుల పొడీ జల్లించి కలపాలి. ముద్ద కాకపోతే రెండు మూడు చెంచాల పాలు చాలు. పలాస నుంచి అత్తయ్యగారు పంపిన జీడిపప్పు 40 గ్రాములు ముక్కలు చేసి వేశాను. 15 గ్రాముల ఉండకు ఒకటి చొప్పున ముప్పై వచ్చాయి. 170 డిగ్రీల అసలు వేడిలో పదహారు నిమిషాలు కాలిస్తే చాలు. బయటికి తీసినప్పుడు నొక్కితే మెత్తగానే ఉంటాయి. అది చూసి ఇంకా కాలలేదనుకుని మళ్ళీ లోపల పెట్టకూడదు, చల్లారితే వాటంతట అవే గట్టిపడతాయి. చెల్లి పాలిచ్చే తల్లి కనుక సాయంత్రం ఆకలికి రెండు తిని, "అక్కా, ఇవి మాత్రం డబ్బాడు పంపాల" అన్నది.

మే 23

చేతి కుట్టు మొదలైంది. పైన గళ్ళ జోడింపు, మధ్య పంచె పొరలు రెండు, అడుగున అమ్మ నీలం చీర. నాలుగింటినీ నేల మీద ముడత లేకుండా పరిచి, మధ్య నుంచి అంచులకు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేశాను. అంచుల నుంచి మధ్యకు వేస్తే మధ్యలో గుడ్డ పోగుపడి అక్కడ ముడత శాశ్వతంగా నిలిచిపోతుంది.

పొడవు వెంట అంగుళానికొక వరస, మొత్తం 34 వరసలు. వరసకు 40 అంగుళాలు కనుక కుట్టు పొడవు 34 మీటర్లకు పైమాటే. అంగుళానికి నాలుగు కుట్లు పడుతున్నాయి. వరసకు ఇరవై నిమిషాలు పడుతున్నది, రోజుకు మూడు కంటే ఎక్కువ వేస్తే బొటనవేలు నొస్తుంది. దారాన్ని మూరెడు కంటే ఎక్కువ తీసుకోను, ఒకసారి మైనం మీద లాగితే చిక్కుపడదు. అమ్మమ్మ అయితే చీర అంచు నుంచే రంగుపోగులు లాగి, పేని, వాటితోనే కుట్టేదని అమ్మ చెప్పింది. పోయిన ఆకుపచ్చ చీర అంచు నుంచి నేనూ పోగులు లాగి చివరి రెండు వరసలు వాటితో వేయాలనుకుంటున్నాను. ఆ చీర బొంతలోకి వచ్చే దారి అదొక్కటే.

పక్కింటి మౌసీ రోజూ సాయంత్రం వచ్చి రెండవ చివర పట్టుకుని కూర్చుంటున్నది. వాళ్ళ ఊళ్ళో దీనిని కంథా అంటారు. ఆమె సూదిని గుచ్చి లాగదు. సూదిని కదలకుండా పట్టుకుని, గుడ్డనే పైకీ కిందికీ ఆడిస్తూ నాలుగైదు కుట్లు సూది మీదికి ఎక్కించుకుని ఒక్కసారి లాగుతుంది. నేను రెండు రోజులు అభ్యాసం చేశాను. నా వరస ఇప్పుడు పద్నాలుగు నిమిషాలకు దిగింది.

జూన్ 1

ఛెనాపోడ మొదటి ప్రయత్నం విఫలమైంది. నయాగఢ్ జిల్లా దస్‌పల్లా ఈ తీపికి పుట్టినిల్లంటారు. పోడ అంటే కాలినది. పైన కాలిన చక్కెర చేదు ఛాయలో ఉండాలి, లోపల ఛెనా, అంటే విరిగిన పాల ముద్ద, మెత్తగా, పొడి కాకుండా ఉండాలి. నాది పైన కాలింది, మధ్యలో నీరుగా మిగిలింది. రెండు లీటర్ల ఆవుపాలు విరిచి, గుడ్డలో కట్టి ఇరవై నిమిషాలే వేలాడదీశాను. నీరు లోపలే ఉండిపోయింది.

జూన్ 5

రెండవసారి. పాలు కాగిన తరువాత దించి, రెండు నిమిషాలు ఆగి, నీళ్ళు కలిపిన నిమ్మరసం కొంచెం కొంచెంగా పోశాను. మరిగే పాలలో ఒక్కసారిగా పోస్తే ఛెనా రబ్బరులాగ గట్టిపడుతుంది. చన్నీళ్ళతో పులుపు కడిగి గంటసేపు వేలాడదీస్తే 350 గ్రాములు వచ్చింది. దానిని పళ్ళెంలో వేసి అరచేతి మడమతో పది నిమిషాలు మెదిపాను. మెదుపుతున్నకొద్దీ పలుకులు మాయమై, చేతికి సన్నని జిడ్డు తగలడం మొదలవుతుంది, అక్కడ ఆపాలి. చక్కెర 120 గ్రాములు, బొంబాయి రవ్వ రెండు పెద్ద చెంచాలు, నెయ్యి ఒక చెంచా, యాలకులు, జీడిపప్పు కలిపాను. చక్కెర తగిలేసరికి ముద్ద పలచబడుతుంది, దానికి భయపడి రవ్వ ఎక్కువ వేస్తే కేసరి రుచి వస్తుంది. ఆరు అంగుళాల గిన్నెలో నెయ్యి రాసిన సాల ఆకులు పరిచి, మిశ్రమం పోసి, ఆకులు పైకి మడిచి, అసలు వేడి 180 డిగ్రీలలో యాభై నిమిషాలు ఉంచాను. చివరి పది నిమిషాలకు పై ఆకులు విప్పాను. తీసినప్పుడు గుమ్మటంలాగ పొంగి ఉండి, చల్లారుతూ ఒక అంగుళం కిందికి దిగింది. అది దాని సహజమే.

మౌసీ ఒక ముక్క నోట్లో వేసుకుని, అడుగున ఆకు అంటిన నల్లటి మాడు ముక్కను మళ్ళీ అడిగి తీసుకున్నది. నాకు ఆ ఒక్కటి చాలింది.

ఈ ఎండలో ఛెనాపోడ బయట ఒక రోజుకు మించి నిలవదు కనుక పలాసకు పంపకూడదని తేల్చాను. అది ఇక్కడి ఇరుగుపొరుగుకు, స్నేహితులకు, రజకు ముందు రోజున. రైలులో వెళ్ళేవి చోడి బిస్కట్లు.

జూన్ 8

బొందు సంచులు పూర్తయ్యాయి. 9 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు, లోపల నూలు అస్తరు. పట్టుకు సన్నని 11 నంబరు సూది వాడాను. గుండుసూదులు పట్టులో రంధ్రం విడిచిపెడతాయి, అందుకని కుట్టు లోపలికి పోయే పావు అంగుళంలోనే గుచ్చాను. ఫోడా కుంభ శిఖరాలు రెండు పక్కలా ఒకే ఎత్తున రావడానికి మూడుసార్లు విప్పి కుట్టవలసి వచ్చింది.

జూన్ 11

ఆకుపచ్చ పోగులతో చివరి రెండు వరసలు నిన్న వేశాను. ఈ రోజు చుట్టూ పట్టీ. చుట్టుకొలత 150 అంగుళాలు; మూలల మడతలకూ అతుకులకూ పన్నెండు అంగుళాలు కలుపుకుని, 2½ అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు జోడించాను. మిషను మీద ముందు వైపు కుట్టి, వెనుకకు మడిచి చేతితో హెమ్మింగు చేశాను. ఇక్కడ మందం ఎక్కువై మిషను కుట్లు వదిలివేయడం మొదలుపెట్టింది. దారం బిగువు మార్చి, బాబిన్ శుభ్రం చేసి, ఒక గంట వృథా చేసిన తరువాత సూది చూస్తే, సంచులకు పెట్టిన 11 నంబరు సూది అలాగే ఉన్నది. సూది మార్చగానే కుట్టు సరిగా పడింది.

జూన్ 13

తెల్లవారుజామున నాలుగు నుంచి ఓవెను చల్లారలేదు. ఛెనాపోడలు మూడు, బిస్కట్లు నాలుగు విడతలు. బిస్కట్లు పూర్తిగా చల్లారేదాకా డబ్బాలో పెట్టలేదు. వెచ్చగా మూస్తే వాటి ఆవిరికే అవి మెత్తబడతాయి. పైగా సముద్రం దగ్గర ఊరు కనుక ఇక్కడి గాలిలో గంటసేపు ఉంచినా కరకరలాడడం పోతుంది. నూట ఇరవై బిస్కట్లలో తొమ్మిది విరిగాయి, అవి ఇంట్లోకి. మౌసీ తన వంతుగా పోడపిఠా చేసింది. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి కలిపి అరటాకులో చుట్టి బొగ్గుల మీద రాత్రంతా ఉంచిన రొట్టె అది. నా ఓవెనులో దానికి ఆ పొగ వాసన రాదు, కనుక నేను ప్రయత్నించలేదు.

సాయంత్రం ఆరుకు కత్తెర, సూదులు పెట్టెలో పెట్టి మూత వేశాము.

జూన్ 18

ఉదయం రైలులో చెల్లి, పాప, నేను పలాస వెళ్ళాము. బొంతను అత్తయ్యగారు చాప మీద పరిచి, పాపను పడుకోబెట్టి, కుట్టు వరసల వెంట వేలు నడిపిస్తూ ఏ గడి ఎవరి చీరో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నారు. బొందు సంచి చూసి, "ఇది పాప పెళ్ళిదాకా నా బీరువాలోనే ఉంటాది" అన్నారు. బిస్కట్ల డబ్బాలలో ఒకటి సాయంత్రానికే సగం అయింది.

జూలై 16

చెల్లి ఫోను చేసింది. ఈ నెలలో బొంత పదమూడు సార్లు ఉతుకు పడిందట. వాన రోజుల్లో కూడా ఫ్యాను కింద ఒక రాత్రిలో ఆరిపోతున్నదట. రంగు ఎక్కడా దిగలేదు. కింది కుడి మూల హెమ్మింగు రెండు అంగుళాల మేర వదిలింది, అక్కడ పట్టుకునే పిండుతున్నారని చెప్పింది. టేపు పెట్టి కొలవమన్నాను: వెడల్పు 34¼ అంగుళాలు, పొడవు 39. పాత గుడ్డ ముడుచుకోదని అనుకున్నాను గాని, చేతి కుట్టు బిగువుకు గుడ్డ ఆ మాత్రం దగ్గరకు లాగబడింది. అట్ట చదరం వెనుక ఈ కొలత రాసుకున్నాను. మౌసీ మనవడికి కుట్టే బొంతకు ముక్క 5¾ అంగుళాలు కత్తిరిస్తాను, మూలల దగ్గర హెమ్మింగు రెండుసార్లు తిప్పుతాను.